ఆంధ్ర తిలకుడు గాడిచర్ల

మన కడప జిల్లా సింహాద్రిపురం నుండి కర్నూలు సీమకు తరలిపోయిన గాడిచర్లవారి వంశంలో, 1883 సెప్టెంబరు 14న కర్నూలులో హరిసర్వోత్తమరావుగారు జన్మించారు. ఆయనను మా జిల్లావారుగా కూడ చెప్పుకోవడానికి మాకు సంకోచం లేదు. ఉపకారవేతనాల ఆధారంగా చదువుకొని 1906లో మద్రాసులో ఎం.ఏ. పట్టం పొందారు. మరుసటి సంవత్సరం రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతుండగా బిపిన్ చంద్రపాల్ అక్కడికి వచ్చి ప్రసంగించారు. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ హరిసర్వోత్తమరావుగారిని కళాశాల నుండి వెళ్ళగొట్టారు. సర్కారు కొలువుకు అనర్హుడన్న నిషేధమూ తోడైంది. ఉపాధ్యాయుడు కావలసిన మనిషిని పత్రికా రచనకు పంపినది సర్కారే!

1908లో బెజవాడ నుండి 'స్వరాజ్య' వారపత్రిక వెలువడింది. ఆ రోజులలో దేశభాషా పత్రికలకు చందాదారులకన్న శ్రద్ధగల పాఠకుడు ప్రభుత్వమే. మద్రాసు సర్కారు అనువాదకులు తెలుగు, తమిళ, హిందుస్తానీ పత్రికలను చదివి, వాటి సారాన్ని ఇంగ్లీషులో వారంవారం రహస్య నివేదికలుగా పై అధికారులకు అందించేవారు. సొంత ఉత్తరానికైనా రక్షణ లేదు. 1885 టెలిగ్రాఫు చట్టం తంతి వార్తలను, 1898 తపాలా చట్టం ఉత్తరాలను, ప్రజా భద్రత పేరిట మధ్యలోనే పట్టుకొనే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చాయి. 2023లో వచ్చిన కొత్త తపాలా చట్టంలోనూ అటువంటి అధికారం ఉన్నది.

ఆ సంవత్సరం మార్చిలో తిరునెల్వేలిలో పోలీసు కాల్పులకు నలుగురు బలి అయ్యారు. 'స్వరాజ్య' ఊరుకోలేదు. పరదేశ ప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చింది. రాజద్రోహ నేరం మోపి, సంపాదకునితోబాటు బోడి నారాయణరావుగారిని కూడ బోనెక్కించారు. హరిసర్వోత్తమరావుగారికి క్రింది కోర్టు విధించిన ఆరు నెలల శిక్ష చాలదని సర్కారు అప్పీలు చేయగా, హైకోర్టు దానిని మూడేండ్లకు పెంచింది.

మా ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ 1908వ సంవత్సరం మరొక విధంగా పరిచితమే. అలీగఢ్‌లో 'ఉర్దూ-ఎ-ముఅల్లా' సంపాదకులు మౌలానా హస్రత్ మొహానీ, ఈజిప్టులో ఆంగ్లేయుల విద్యావిధానాన్ని విమర్శించిన వ్యాసాన్ని ప్రచురించి, దాని రచయిత పేరు చెప్పక, నేరం తన తలపై వేసుకొని జైలుకు వెళ్ళారు. అక్కడ ఆయన చేత తిరగలి త్రిప్పించారు. ఇక్కడ వేలూరు జైలులో హరిసర్వోత్తమరావుగారికి సంకెళ్ళు, ముతక బట్టలు, బందిపోటు దొంగల సహవాసం.

1911లో విడుదలైన పిమ్మట ఆయన కలం ఆగలేదు. ఆంధ్రపత్రిక దినపత్రికకు సంపాదకత్వం వహించారు. గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు శేషజీవితాన్ని ధారపోశారు. అక్షరం రాని రైతుకు చదువు నేర్పే పనిలోనే వృద్ధులై, 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు.