కథాగురువు ఫ్లాబేరు

ఫ్రాన్సు దేశమున 1821వ సంవత్సరమున జన్మించిన గుస్తావ్ ఫ్లాబేరు ‘మదామ్ బొవారి’ నవలచే ప్రఖ్యాతుడయ్యెను. బాల్యస్నేహితురాలగు లోర్, ఇరువదేండ్లైనను నిండని తన కుమారుడు మొపాసాను ఆయన చెంతకు పంపెను.

అంగడి వాకిట కూర్చున్న వర్తకుని వర్ణించినచో, అతడు వేరొక వర్తకునివలె తోపరాదనియు, ప్రతి వస్తువునకు తగిన పదము ఒక్కటే కలదనియు, అది లభించువఱకు వెదకవలెననియు గురువు బోధించెను. అచ్చునకై తొందరపడవలదనెను. ఏడేండ్లు శిష్యుడు వ్రాయుచుండెను, గురువు దిద్దుచుండెను. 1875లో మేనకోడలి భర్త వ్యాపారము కూలగా, అతనిని ఆదుకొనుటలో ఆస్తి యధికభాగము పోయినను ఆ దిద్దుబాటు ఆగలేదు.

1880 ఏప్రిల్ నెలలో మొపాసా కథ ‘బూల్ ద సూఫ్’ వెలువడెను. అది ఉత్తమ సృష్టియని గురువు మనసార మెచ్చెను. మే 8వ తేదీన కన్నుమూసెను. సంతానము లేని ఆ మహనీయునకు శిష్యుని కథలే వంశము నిలిపినవి.