విమానయాత్రికురాలు ఎమీ జాన్సన్

ఇంగ్లండు తూర్పుతీరమున హల్ అను రేవుపట్టణము కలదు. అచ్చటి ఒక చేపల వర్తకుని ఇంట 1903 జూలై 1వ తేదీన ఎమీ జాన్సన్ జన్మించెను. షెఫీల్డు విశ్వవిద్యాలయమున పట్టము పొంది, లండనులో ఒక న్యాయవాది కార్యాలయమున టైపు పని చేయుచు, ఆ జీతములో మిగుల్చుకొనిన డబ్బుతో స్టాగ్ లేన్ మైదానమున విమానము నడుపుట నేర్చెను. అంతటితో తృప్తిపడక, మెకానిక్కుల నడుమ చేతులకు మసి పూసికొని, యంత్రమును విప్పి బిగించుట గూడ అభ్యసించెను. 1929లో నడుపు లైసెన్సును, గ్రౌండు ఇంజనీరు లైసెన్సును రెండును సంపాదించెను. బ్రిటిషు విమానశాఖనుండి ఈ రెండవదానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

తండ్రియు, చమురు వర్తకుడగు లార్డు వేక్‌ఫీల్డును తోడ్పడగా 600 పౌనులకు ఒక పాత జిప్సీ మాత్ విమానమును కొని, తండ్రి వ్యాపారపు గుర్తునుబట్టి దానికి జేసన్ అని పేరిడెను. కొయ్యతోను గుడ్డతోను కట్టిన చిన్న విమానమది. ముందు రెండు చక్రములు, తోకక్రింద నేలను రాచుకొనుచు పోవు ఊతకోల, ఇవియే దాని కాళ్లు. బ్రేకులు లేవు. ఇట్టి విమానమున బరువు చక్రములకు వెనుకగా నుండును. కావున నేల దిగి పరుగిడునపుడు రవంత ప్రక్కకు మొగ్గినను తోక గిరుక్కున ముందునకు తిరుగజూచును. ఆ ఒరపు భారమంతయు చక్రపు కమ్మీలపై పడి అవి విరుగును. గోతిలో చక్రము దిగినచో ముక్కు నేలకు గ్రుచ్చుకొనును. గాలిలో ఎగురుటకన్న నేల దిగుటయే గండమని అనుటలో అతిశయోక్తి లేదు.

1930 మే 5న క్రాయిడన్‌నుండి ఆమె ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరెను. అంతకుముందు ఆమె చేసిన దూరప్రయాణము లండనునుండి హల్‌వరకే! ఇసుకతుఫానులో ఎడారిపై దిగవలసివచ్చి, తరువాత బాగ్దాదులో దిగగానే చక్రపు ఊతకమ్మి విరిగెను. దానిని బాగుచేయించుకొని ఆరవ దినమున కరాచీ చేరెను. 1928లో అదే త్రోవను పోయిన హింక్లర్‌కన్న రెండు దినములు ముందు. ఝాన్సీలో పెట్రోలు చాలక సైనికుల కవాతు మైదానమున దిగగా రెక్క దెబ్బతినెను. అదియు బాగుపడెను.

అసలు దెబ్బ బర్మాలో తగిలెను. కుండపోతవానలో రంగూను పందెపుమైదానమును కానలేక, సమీపమునగల ఇన్‌సీన్‌లో సాంకేతిక విద్యాలయపు ఆటస్థలమున దిగెను. స్థలము చాలలేదు, ఆపుటకు బ్రేకులా లేవు. విమానము కాలువగుంటలో పడి చక్రముల కట్టు, రెక్క, ప్రొపెల్లరు విరిగినవి. విద్యాలయమువారు పగలనక రాత్రియనక మరమ్మతు చేసిరి. రెక్కకు అతుకువేయుటకు, మొదటి ప్రపంచయుద్ధమున మిగిలిన విమానవస్త్రముతో కుట్టిన చొక్కాలు పనికివచ్చినవని చెప్పుదురు. ప్రొపెల్లరు మాత్రము ఆమె ముందుచూపుతో వెంట తెచ్చుకొనినదే. అయినను హింక్లర్‌ను మించు ఆశ అచ్చటనే పోయెను. వెనుదిరుగుటకు ఆమె యిచ్చగింపలేదు. మే 24న డార్విన్ చేరి, ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి వనిత అయ్యెను. అయిదు దినములకే, ప్రజలు గుమిగూడి చూచుచుండగా, బ్రిస్బేనులో హద్దు దాటి కంచెను పడగొట్టి విమానము తలక్రిందులయ్యెను. ఆమెకు పెద్ద గాయములు కాలేదు.

ఈ పీడ ఆమెను వదలలేదు. 1933లో భర్త జిమ్ మాలిసన్‌తో అమెరికాకు బయలుదేరగా, పెట్రోలు బరువునకు క్రాయిడన్‌లోనే చక్రముల కట్టు కూలెను. 1936 ఏప్రిలులో సహారా అంచున కొలోం బెషార్‌లో మరల అట్లే జరిగెను. ఇంటికి వచ్చి, మరుసటి నెలలోనే బయలుదేరి కేప్‌టౌను మార్గమున క్రొత్త రికార్డు నెలకొల్పెను!

రెండవ యుద్ధకాలమున సైన్యపు విమానములను ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చు ఉద్యోగమున చేరెను. 1941 జనవరి 5న ఆక్స్‌ఫర్డు విమానముతో బ్లాక్‌పూలునుండి బయలుదేరి, మబ్బులలో త్రోవ తప్పి, థేమ్సునది ముఖమున పారాచూటుతో నీటిలో పడెను. హాజిల్‌మియర్ ఓడ అధికారి వాల్టర్ ఫ్లెచర్ ఆ మంచునీటిలోనికి దూకెను. ఆమె చిక్కలేదు, దేహమును దొరకలేదు. ఫ్లెచర్ ఆ చలికి తాళలేక ప్రాణము విడిచెను.