తండ్రి లేని పిల్లవాడు: డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

తండ్రి లేని బిడ్డ చెడిపోక ఏమవుతాడని మన చిల్లకూరులోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట ఎంత తప్పో డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి జీవితం చూస్తే తెలుస్తుంది.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో పుట్టారు. ఏడుగురు అన్నదమ్ముల్లో మూడోవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు వకీలు. 1907లో తండ్రి పోయేసరికి జాకిర్‌కు 10 ఏళ్లు. కుటుంబం నేటి ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరు కాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. 14 ఏళ్ల కుర్రవాడికి అమ్మీ లేదు, అబ్బా లేరు. దారి తప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా తప్పలేదు. ఎందుకంటే అప్పటికే ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చదువుతున్నాడు. హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారు నియమం గల మనిషి, సాదాగా బతికిన మనిషి. ఇంటి నీడ పోయినా బడి నీడ మిగిలింది.

పెద్దయ్యాక జాకిర్ సాహెబ్ ఆ రుణం మరచిపోలేదు. 1920లో జామియా మిల్లియా స్థాపనలో పాలుపంచుకున్నారు. బెర్లిన్‌లో డాక్టరేటు చేసి 1926లో తిరిగొచ్చి, మూతబడే స్థితిలో ఉన్న ఆ విద్యాలయాన్ని 29 ఏళ్ల వయసులో భుజాన వేసుకున్నారు. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్లు పనిచేస్తామని ఆయనా, తోటి ఉపాధ్యాయులూ మాట ఇచ్చుకున్నారు.

అక్కడ చిన్నపిల్లల చేత దుకాణం నడిపించారు, బ్యాంకు నడిపించారు. పైసా లెక్క తేడా రాకుండా చూసుకోవలసింది పిల్లలే. నమ్మి బాధ్యత అప్పగిస్తే పిల్లవాడు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోవాలని చూస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా విద్యార్థులు మాసిన బూట్లతోనే వస్తుంటే, ఒకనాడు ఆయనే బ్రష్షూ పాలిష్షూ పట్టుకొని గేటు దగ్గర కూర్చున్నారని చెబుతారు. ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. సిగ్గుపడి అందరూ దారికొచ్చారట.

1937లో వార్ధా విద్యా కమిటీకి అధ్యక్షులై, 7 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చేతిపనితో కూడిన ఉచిత నిర్బంధ విద్య ఉండాలని నివేదిక ఇచ్చారు. 1946లో జామియా రజతోత్సవ వేదిక మీద నెహ్రూ, జిన్నా, ఆజాద్ కూర్చొని ఉండగా, దేశంలో రగులుతున్న ద్వేషాన్ని ఆర్పమని వేడుకున్నారు. ఆ మంటల్లో పసివాళ్ల మనసులు కూడా కాలిపోతాయని ఆయన బాధ. 1963లో భారతరత్న, 1967లో రాష్ట్రపతి పదవి వచ్చాయి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన సమాధి రాష్ట్రపతి భవన్‌లో లేదు, జామియాలో ఉంది.

ఇక మన సంగతి. కుర్రవాడు ఒక్కరోజులో చెడిపోడు. ముందు బడి ఎగ్గొడతాడు, తర్వాత అబద్ధం నేరుస్తాడు, తర్వాత చెడు సావాసం పడతాడు. మొదటి మెట్టు మీదే చెయ్యి పట్టుకునే పెద్దమనిషి ఒక్కడుంటే చాలా వరకు నిలబడతాడు. ఇంట్లో అటువంటివారు లేకపోతే చిన్నాన్నో, మామో, ఉస్తాదో, ఈ సంఘ సభ్యుడో ఆ పని చెయ్యాలి. మీ వీధిలో బడి మానేసిన పిల్లవాడెవరో మీకు తెలుసు. దండించే ముందు వాణ్ణి పేరు పెట్టి పిలవండి, ఒక పని అప్పగించండి, మళ్లీ బడి దాకా తోడు వెళ్లండి.