మీ షుగర్ రిపోర్టు వెనక ఓ వృక్షశాస్త్రవేత్త

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఫైల్లో హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఉండే ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. అంకె పక్కనో, కిందో పరీక్ష చేసిన పద్ధతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా ల్యాబుల్లో అది హెచ్‌పీఎల్‌సీ. అందులో చివరి అక్షరం సీ అంటే క్రొమటోగ్రఫీ. దాన్ని కనిపెట్టింది వైద్యుడు కాదు, ఆకుల రంగుల మీద పనిచేసిన వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్. రష్యన్ భాషలో ఆ ఇంటిపేరుకు రంగు అని అర్థం.

త్స్వెత్ 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణంలో పుట్టారు. తండ్రి రష్యన్. తల్లి ఆయన పుట్టిన కొద్దికాలానికే కన్నుమూశారు. స్విట్జర్లాండ్‌లో పెరిగి, 1896లో జెనీవా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకుని రష్యా వెళ్లారు. అక్కడ ఆ డాక్టరేట్ చెల్లలేదు. మళ్లీ చదివి 1901లో కజాన్‌లో మాస్టర్స్ డిగ్రీ సంపాదించాల్సి వచ్చింది. పిల్లల్ని విదేశాల్లో ఎంబీబీఎస్ చదివించి, ఇక్కడి పరీక్ష కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఆ బాధ తెలుసు.

సుద్దపొడిలో రంగుల పట్టీలు

తర్వాత ఆయన అప్పటి రష్యా పాలనలోని వార్సాలో చేరారు. ఆకుల్లోని రంగులు పాడవకుండా ఒక్కోదాన్ని ఎలా వేరుచేయాలన్నది ఆయన ముందున్న సమస్య. గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, ఆకుల నుంచి తీసిన రంగు ద్రవాన్ని పైనుంచి పోశారు. తర్వాత ద్రావకం పోస్తూ వెళ్లారు. తెల్లటి సుద్దలో ఆకుపచ్చ, పసుపు పట్టీలు విడివిడిగా కనిపించాయి.

కిటుకు తేలికైనదే. తిరునాళ్లకు అందరూ కలిసే బయల్దేరినా, ప్రతి దుకాణం దగ్గరా ఆగేవాళ్లు వెనకబడతారు, ఎక్కడా ఆగనివాళ్లు ముందు చేరతారు. అలాగే సుద్దకు గట్టిగా అంటుకునే రంగు పైనే ఆగుతుంది, అంటుకోనిది కిందికి జారిపోతుంది. ఈ పద్ధతిని ఆయన 1903లో వార్సాలో వివరించారు. 1906లో క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు.

ఆనాటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. సుద్ద వల్ల రంగులే మారిపోతున్నాయేమోనని అనుమానించారు. మొక్కల రంగులపై పరిశోధనకు 1915లో నోబెల్ అందుకున్న విల్‌స్టాటర్ కూడా వారిలో ఒకరు. అదే ఏడాది యుద్ధం వల్ల త్స్వెత్ వార్సా వదిలి మాస్కో, అక్కడి నుంచి నిజ్నీ నోవ్‌గొరోద్ చేరారు. 1917లో టార్టులో ప్రొఫెసర్ పదవి దక్కింది. మరుసటి ఏడాదే జర్మన్ సేనలు ఆ ఊరినీ ఆక్రమించడంతో వొరోనెజ్ వెళ్లారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1919 జూన్ 26న, 47 ఏళ్లకే మరణించారు.

మళ్లీ పైకొచ్చిన పద్ధతి

సుమారు పన్నెండేళ్ల తర్వాత జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రిచర్డ్ కూన్ బృందం అదే పద్ధతితో, అంతవరకూ ఒకటే అనుకున్న క్యారెట్ రంగును ఆల్ఫా, బీటా కెరోటిన్‌లుగా విడదీసింది. మన శరీరం విటమిన్ ఏ తయారుచేసుకునేది ఈ కెరోటిన్ల నుంచే. ఆ తర్వాత క్రొమటోగ్రఫీకి ఎదురులేకపోయింది.

1984లో జపాన్‌కు చెందిన షిగెరు తెరాబె బృందం దానికి కొత్త రూపమిచ్చింది. వెంట్రుక మందమంత సన్నని రంధ్రమున్న గొట్టంలో సబ్బులాంటి పదార్థం కలిపిన ద్రవాన్ని నింపి విద్యుత్తు పంపారు. సబ్బు అణువులు గుంపులై జిడ్డును పట్టుకున్నట్టే, నీటికన్నా నూనెలో బాగా కలిసే పదార్థాలను ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి. మైసెల్లార్ ఎలెక్ట్రోకైనటిక్ క్రొమటోగ్రఫీ అనే ఈ పద్ధతితో అతి కొద్ది నమూనాలోనే మందుల్లోని పదార్థాలను విడదీసి కొలవొచ్చు. సుద్ద పోయి సబ్బు వచ్చింది కానీ సూత్రం మాత్రం త్స్వెత్ చూపిందే: ముందు విడదీయి, తర్వాత కొలువు.

ఇది మీకెందుకంటే...

మీ రక్తంలో హిమోగ్లోబిన్ ఒకే రకం కాదు. గ్లూకోజు అంటుకున్న భాగాన్ని మిగతా వాటి నుంచి విడదీస్తేనే దాని శాతం తెలుస్తుంది. అది 6.5, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణిస్తాం. కానీ రక్తహీనత ఉన్నా, ఇటీవల రక్తం ఎక్కించుకున్నా, గర్భిణి అయినా ఆ అంకె తప్పుదోవ పట్టించవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగులకూ దానికీ పొంతన లేకపోతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

సికిల్ సెల్, తలసీమియా జన్యువు మోస్తున్నవారిని గుర్తించడానికీ హెచ్‌పీఎల్‌సీ వాడతారు. వారు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే జబ్బు జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మీ కుటుంబంలోగానీ, దగ్గరి బంధువుల్లోగానీ ఈ జబ్బులుంటే పెళ్లికి ముందో, గర్భం దాల్చక ముందో ఒక్కసారి ఈ పరీక్ష చేయించుకోండి. త్స్వెత్ సుద్దపొడిలో మొదలుపెట్టిన పని మీ పుట్టబోయే బిడ్డకూ అక్కరకొస్తుంది.