పాలకుర్తి ఐలమ్మ: నాలుగెకరాల కౌలు రైతు

ప్రతి ఏడూ ఈ సంచికలో మన ప్రాంతపు మనిషి ఒకరి జీవితం వేసుకుంటున్నాం. ఈసారి చిట్యాల ఐలమ్మను ఎంచుకున్నాం. జనం నోట ఆమె చాకలి ఐలమ్మ.

ఎంచుకోవడానికి కారణం ఉంది. మన వీసా కాగితంలో లేబర్ అనో, మేసన్ అనో, డ్రైవర్ అనో ఉంటుంది గానీ ఊరికి పోతే మనలో చాలామందిమి రైతు ఇంటోళ్లమే. మనం విమానం ఎక్కి వచ్చినంక ఆ ఎకరమో రెండెకరాలో ఎవరు చేస్తున్నరు? అమ్మ, భార్య, వదిన, చెల్లె. నాట్లు వేసేది వాళ్లే, కలుపు తీసేది వాళ్లే, యూరియా లైన్‌లో చెప్పులు పెట్టి ఎండలో కూర్చునేది వాళ్లే. అయినా రైతు ఎవరని అడిగితే పాసుబుక్కులో ఉన్న మగమనిషి పేరే చెప్తారు. భూమి లేక కౌలుకు చేసే ఆడవాళ్లకైతే ఆ పుస్తకమూ ఉండదు. ఐలమ్మ కూడా పట్టా లేని కౌలు రైతే. ఆమెను వీరనారిగా విగ్రహాల్లో చూశాం, పాటల్లో విన్నాం. ఆమె రైతు అన్న సంగతి మాత్రం వెనకబడిపోయింది. మేం ఇక్కడ దాన్నే ముందుకు తెస్తున్నాం.

ఐలమ్మ జయంతిని సెప్టెంబర్ 26న జరుపుతారు. పుట్టిన సంవత్సరం 1895 అని రాస్తారు. వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని క్రిష్టాపురం పుట్టిన ఊరు. తల్లి ఓరుగంటి మల్లమ్మ, తండ్రి సాయిలు. రజకుల ఇల్లు. చిన్నప్పుడే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహకు ఇచ్చి పెళ్లి చేశారు. కొడుకులు, ఒక బిడ్డ. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. పాల్కురికి సోమనాథుడి ఊరు అదే. పోతన ఊరు బమ్మెర పక్కనే. పోతన రాజులను ఆశ్రయించకుండా సేద్యం చేసుకుని బతికాడని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. ఐలమ్మ కాలానికి మాత్రం అక్కడ సేద్యం చేసుకుని బతకడం అంత తేలిక కాదు.

అది నిజాం రాజ్యం. ఊరు మీద పెత్తనం దొరది, ఊరి లెక్క పట్వారిది. ఆ ప్రాంతానికి విస్నూర్ దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి దొర. 40 వేల ఎకరాల భూమి, 60 ఊళ్ల మీద అధికారం ఆయనవని చరిత్ర పుస్తకాలు చెప్తాయి. ప్రతి కులానికీ ఒక వెట్టి ఉండేది. చాకలివాళ్లు గడీ బట్టలు ఉతకాలి, దొర ఇంట్లో, ఊరికొచ్చిన అధికార్ల దగ్గర అంట్లు తోమాలి. కూలి లేదు. రానంటే దెబ్బలు.

అటువంటి చోట ఐలమ్మ కుటుంబం కొండలరావు అనే భూస్వామి దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకుంది. అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చి వరి వేసింది. ఈ మాట చదవడానికి చిన్నదే. కానీ రేవులో బట్టలుతికే ఇంటివాళ్లు సొంతానికి మడి కట్టుకుంటే, నీళ్లు పెట్టుకుంటే, కల్లం చేసుకుంటే, రేపు వెట్టికి వచ్చేదెవరు? మా ఉద్దేశంలో అసలు గొడవ అక్కడే మొదలైంది. ఎర్రజెండా దాని తర్వాత వచ్చింది.

పాలకుర్తి పట్వారి వీరమనేని శేషగిరిరావు. ఐలమ్మ కుటుంబమంతా వచ్చి తన పొలంలో పనిచేయాలని ఒత్తిడి పెట్టాడు. ఐలమ్మ రానన్నది. తన పొలం పని తనకు ఉన్నది కదా. ఆ కాలంలో పట్వారికి రానని చెప్పడమంటే, ఇక్కడ కంపెనీ మనిషి ఎదుట నిలబడి పాస్‌పోర్టు నా చేతికి ఇవ్వమని అడగడం కన్నా పెద్ద సంగతి.

అప్పటికి ఊళ్లల్లో సంఘం వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ, 1944లో భువనగిరి సభ నాటికి కమ్యూనిస్టుల నాయకత్వంలోకి వచ్చి పల్లెల్లోకి దిగింది. జనం దాన్ని పెద్ద పేరుతో పిలవలేదు. సంఘం అన్నారు, అంతే. ఐలమ్మ ఇల్లు సంఘంలో చేరింది. పట్వారి పోయి దేశ్‌ముఖ్‌కు చెప్పాడు. దేశ్‌ముఖ్ ఐలమ్మ కుటుంబం మీద, సంఘం నాయకుల మీద కేసు పెట్టించాడు. భీంరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావులతో పాటు మరికొందరిని అరెస్టు చేశారు. కేసు కోర్టుకు పోయింది. తీర్పు దేశ్‌ముఖ్‌కు వ్యతిరేకంగా వచ్చింది.

కోర్టులో ఓడినవాడు దఫ్తరం వైపు తిరిగాడు. పట్వారిని పిలిపించి, ఐలమ్మ చేస్తున్న కౌలు భూమిని తన పేరు మీద రాయించుకున్నాడు. దున్నింది ఒకరు, నాటింది ఒకరు, రాత్రికి రాత్రి కాగితం మీద రైతు ఇంకొకరు అయ్యారు. కాగితం లేకపోతే మనిషి ఏమైపోతాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అకామా అయిపోయి కల్లివెల్లి అయినవాడు పదేళ్లు పనిచేసినా ఆ పని చేసినట్టు రుజువు ఉండదు. ఐలమ్మ కౌలుకు కూడా అట్లాంటి గతే పట్టించాలని చూశారు.

వరి కోతకు వచ్చింది. భూమి నాది కాబట్టి పంటా నాదేనని దేశ్‌ముఖ్ వందమంది గూండాలను పంపాడు. ఇక్కడ కొంచెం ఆగి, కోత అంటే ఎంత పనో గుర్తు చేసుకుందాం. నాలుగెకరాల వరి కోయాలి, కట్టలు కట్టాలి, కల్లానికి మోయాలి, కొట్టాలి, తూర్పారబట్టాలి, గింజలు ఇంటికి చేర్చాలి. మిషన్లు లేని రోజులు. ఒక్క ఇంటివాళ్లకు అది రోజుల తరబడి పని. మీద పడటానికి మంది సిద్ధంగా ఉన్నప్పుడు ఒంటరి రైతు చేయగలిగిందేమీ లేదు. పంట పొలంలో ఉన్నంతసేపూ పోయినట్టే లెక్క.

సంఘం మనుషులు వచ్చారు. భీంరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి, నల్లు ప్రతాపరెడ్డి వంటి నాయకులు, వాళ్ల వెంట ఊళ్ల కార్యకర్తలు. వాళ్లు ఉపన్యాసం ఇచ్చి పోలేదు. కొడవళ్లు పట్టి వరి కోశారు, కట్టలు కొట్టారు, ధాన్యం మోసి ఐలమ్మ ఇంట్లో పోశారు. కర్రలు పట్టి గట్టు మీద నిలబడ్డవాళ్లను చూసి దొర పంపిన మంది వెనక్కి పోయారు. ఆ రాత్రి విస్నూర్ పోలీసులు వచ్చినా ఐలమ్మ ఇంట్లో ధాన్యాన్ని ముట్టుకోలేకపోయారు. సంఘం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాకు ఈ కోతే గుర్తుకొస్తుంది. అన్నీ చేతుల పనులు, ఒక్కతి చేయలేని పనులు.

దానికి ఖర్చు కూడా ఉన్నది. నాయకులను పట్టుకుపోయి విస్నూర్ ఠాణాలో చిత్రహింసలు పెట్టారు. ఐలమ్మ ఇంటిని తగలబెట్టారు, ఇంట్లో సొమ్ము, ధాన్యం ఎత్తుకుపోయారు. ఆమె బిడ్డ మీద అత్యాచారం చేశారు. దీన్ని దాచిపెట్టి జీవితం రాయడం మాకు సరి అనిపించలేదు, ఇంతకన్నా వివరంగా రాయడానికీ మనసు ఒప్పలేదు. భూమి మీద హక్కు అడిగిన ఆడమనిషిని లొంగదీయడానికి ముందు ఇంటి మీదికి, తర్వాత ఒంటి మీదికి వస్తారు. ఐలమ్మ లొంగలేదు. భూమి కేసులోనూ తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చింది.

కొడుకులు ముగ్గురు పట్వారి ఇంటిని కూల్చి ఆ జాగలో మక్కలు వేశారని చెప్తారు. తప్పొప్పుల సంగతి చదివేవాళ్లకే వదిలేస్తున్నాం. కానీ ఊరందరి భూముల లెక్కలు రాసిన మనిషి ఇల్లు ఉన్న చోట మక్కజొన్న కంకులు నిలబడ్డాయంటే ఊరు ఆ రోజు ఏమనుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

తర్వాతి చరిత్ర చాలామందికి తెలిసిందే. 1946 జులై 4న అదే దేశ్‌ముఖ్ ఇలాకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపారు. ఊరూరూ లేచింది. దాదాపు మూడు వేల ఊళ్లకు పోరాటం పాకిందనీ, పది లక్షల ఎకరాలు పంచామనీ పోరాట నాయకులు తర్వాత రాశారు. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయింది. 1951లో సాయుధ పోరాటం ఆగింది. మధ్యలో 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షిత కౌలుదారు అనే మాట అప్పుడు చట్టంలోకి ఎక్కింది. దున్నే మనిషికి, దున్నుతున్నందుకే ఒక హక్కు ఉంటుందని సర్కారు ఒప్పుకున్నది. కౌలు మీద ఒక పట్వారి గీత గీసి పేరు మార్చేస్తే ఏమవుతుందో పాలకుర్తి అంతకుముందే చూపించింది.

ఐలమ్మ ఆ తర్వాత మూడు పదుల పైన ఏళ్లు బతికింది. ఆమె బతికుండగానే మన రాష్ట్రంలో ఇంకో చోట ఆడవాళ్ల సంఘాలు లేచాయి. వాళ్లకూ ఐలమ్మకూ నేరుగా సంబంధం లేదు. కానీ కౌలు, సంఘం, కలిసి కోత అనే మాటలు రెండు చోట్లా ఉన్నాయి కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి. 1983లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. ఒక్కొక్కరుగా పోతే ఎవరూ కౌలుకు ఇవ్వరు కాబట్టి పదిమంది కలిసి భూమి కౌలుకు తీసుకున్నారు. ఎవరికీ పట్టని పడావు భూముల్లో పశువుల ఎరువు తోలి, జొన్న, కొర్ర, కంది, పెసర ఒకే చేనులో కలిపి వేశారు. వాన తగ్గితే ఒకటి పోయినా ఇంకొకటి నిలబడుతుంది. విత్తనం దుకాణంలో కొనలేదు, పోయిన ఏటి పంటలోంచి తీసి బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచుకున్నారు. చిన్న రైతులకు పడావు భూమి బాగుచేసుకోవడానికి అప్పు ఇస్తే, వాళ్లు దాన్ని డబ్బుగా కాకుండా జొన్నలుగా కట్టారు. ఆ జొన్నలు వానాకాలం తిండికి కరువైన ఇళ్లకు తక్కువ ధరకు పోయాయి. 2008లో వాళ్లు మాచనూర్‌లో సొంత సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది.

అప్పు లేని సేద్యం అంటే మనకు ప్రత్యేకంగా పట్టే విషయం. మనలో ఎంతమంది బోర్ల అప్పు, పురుగుమందు దుకాణం అప్పు తీర్చడానికి ఏజెంటుకు ఇంకో అప్పు చేసి వచ్చామో లెక్క తీస్తే ఈ సంచిక చాలదు. విత్తనం ఇంట్లో, ఎరువు కొట్టంలో ఉన్న ఆడరైతు ఇంట్లోంచి మగవాడు ఎడారికి రావలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.

కాగితం సంగతి మాత్రం ఇంకా తెగలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం వచ్చింది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పట్టాదారు ఖాతాలోనే పడింది, కౌలుదారుకు రాలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, దాని కింద కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పందానికి ఒప్పుకోవాలి. మనలో భూమి కౌలుకు ఇచ్చి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్లో అడిగితే సంతకానికి వెనకాడేది మనమే. ఐలమ్మ కథలో మనం ఎప్పుడూ ఐలమ్మ వైపే ఉన్నామని అనుకుంటాం, కానీ కౌలు కాగితం దగ్గరకు వచ్చేసరికి ఒక్కోసారి అవతలి గట్టు మీద ఉంటాం.

ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న అనారోగ్యంతో పాలకుర్తిలో కన్నుమూసింది. ఆడబిడ్డలకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఎన్టీ రామారావు సర్కారు తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆమె పోయేనాటికి ఆ హక్కుకు అయిదు రోజుల వయసు. అప్పటికే పెళ్లయిన బిడ్డలకు అది వర్తించలేదు. పెళ్లి అయినా కాకున్నా బిడ్డలందరికీ వాటా అని దేశమంతటికీ చట్టం కావడానికి 2005 దాకా పట్టింది.

ఇప్పుడు పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహం ఉంది. సెలవు మీద పోయినవాళ్లు జనగామ దాకా పోతే అక్కడి నుంచి బస్సులో పోవచ్చు, సోమేశ్వరుడి గుట్ట కూడా చూసి రావచ్చు. హైదరాబాద్‌లో 1924లో మొదలైన కోఠి ఆడపిల్లల కాలేజీ తర్వాత మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి ఐలమ్మ పేరు పెట్టారు. మన ఊళ్ల నుంచి పోయి అక్కడ చదువుకునే ఆడపిల్లల సర్టిఫికెట్ల మీద ఇక ఆమె పేరే ఉంటుంది.