మనిషిని లెక్కలోకి తెచ్చిన మహబూబ్ ఉల్ హక్

హైస్కూల్లో హ్యూమన్ జాగ్రఫీ తీసుకున్న మన పిల్లలకు హెచ్.డి.ఐ. అన్న మూడక్షరాలు తెలిసే ఉంటాయి. తెలుగులో మానవాభివృద్ధి సూచిక అంటాం. దాని వెనక ఉన్న మనిషి కథే ఇది.

మహబూబ్ ఉల్ హక్ 1934లో, దేశ విభజనకు ముందు పుట్టారు. ఆయనకు పదమూడేళ్ళప్పుడు, 1947లో, కుటుంబం పాకిస్తానుకు తరలిపోయింది. లాహోరు గవర్నమెంట్ కాలేజీలో ఆర్థికశాస్త్రం చదివి, 1953లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చేరారు. అదే ఏడాది కలకత్తా నుంచి మరో కుర్రాడు అక్కడికే వచ్చాడు. అతని పేరు అమర్త్య సేన్. వాళ్ళ దేశాలు యుద్ధాలు చేసుకున్నా వాళ్ళ స్నేహం మాత్రం చివరిదాకా నిలిచింది.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశాక, హక్ పాకిస్తాను ప్రణాళికా సంఘంలో చేరి ముఖ్య ఆర్థికవేత్త అయ్యారు. 1960లలో ఆ దేశ ఆదాయం ఏటా దాదాపు ఆరు శాతం పెరుగుతూ వచ్చింది. విదేశీ నిపుణులు భేష్ అన్నారు. ఆ ప్రణాళికల్లో హక్ చేయి ఉంది కాబట్టి ఆ మెప్పు తీసుకుని ఊరుకోవచ్చు. కానీ 1968లో ఆయన కరాచీలో ఒక సభలో లేచి, దేశంలోని పరిశ్రమల్లో మూడింట రెండు వంతులు ఇరవై రెండు కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయని చెప్పారు. తాను రాసిన ప్రణాళికను తానే తప్పు పట్టడం అది. ఇరవై రెండు కుటుంబాలు అన్న మాట వీధుల్లో నినాదమైపోయింది.

1970 నుంచి పన్నెండేళ్ళు వాషింగ్టన్‌లోని ప్రపంచ బ్యాంకులో పనిచేశారు. 1982లో స్వదేశానికి తిరిగి వెళ్ళి జియా ఉల్ హక్ సైనిక ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. పేదల గురించి అంతగా మాట్లాడిన మనిషి ఆ కొలువులో ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆయన అసలు పని 1989లో, న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో మొదలైంది. అప్పటిదాకా దేశాలను తలసరి ఆదాయంతో కొలిచేవారు. ఇంట్లో పదిమంది ఉండి, పది ముద్దల్లో తొమ్మిది ఒకరే తిన్నా, సగటు లెక్కలో తలకొక ముద్ద వస్తుంది. ఆదాయంతో వచ్చే చిక్కు అదే. ఆయుష్షు అలా కాదు. ఎంత డబ్బున్న వాడైనా పదిమంది ఆయుష్షు తానొక్కడే బతకలేడు. పసిపిల్లలు చనిపోతున్న దేశంలో ఆ సంగతి సగటు ఆయుష్షులో తప్పక బయటపడుతుంది. అందుకని ఆయుష్షు, అక్షరాస్యత, ఆదాయం మూడూ కలిపి సున్నా నుంచి ఒకటి లోపు ఒకే అంకె తయారు చేద్దామన్నారు.

సాయానికి పిలిచింది పాత మిత్రుడినే. సేన్ మొదట ఒప్పుకోలేదు. మనిషి బతుకును ఒక్క అంకెలో ఇరికించడం మోటుపని అని ఆయన అభ్యంతరం. హక్ కాదనలేదు. తలసరి ఆదాయం కూడా మోటు అంకే కదా, దాన్ని పక్కకు నెట్టాలంటే అంత తేలికైన ఇంకో అంకె కావాలి, లేకపోతే పెద్ద పెద్ద పట్టికలను ఎవరూ చూడరు అని నచ్చజెప్పారు.

1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక వచ్చింది. అందులో శ్రీలంక తలసరి ఆదాయం 400 డాలర్లు, సగటు ఆయుష్షు 71 ఏళ్ళు, అక్షరాస్యత 87 శాతం. సౌదీ అరేబియా ఆదాయం 6,200 డాలర్లు, ఆయుష్షు 64 ఏళ్ళు, అక్షరాస్యత 55 శాతం. పదిహేను రెట్లు డబ్బుండీ ఏడేళ్ళ ఆయుష్షు తక్కువ! అందరికీ బడి, ఊళ్ళలో ఉచిత వైద్యం, రేషను బియ్యం శ్రీలంకను అంత పైకి తెచ్చాయి.

తర్వాత ఈ కొలత మన ఇంటిదాకా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 మానవాభివృద్ధి నివేదికను హైదరాబాదులోని సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ తయారు చేసింది. అందులో జిల్లాలను కూడా ఇలాగే కొలిచారు. తాతగారి జిల్లా ఎక్కడుందో పిల్లలకు వెతికి చూపించండి.

హక్ 1998 జులైలో న్యూయార్కులో కన్నుమూశారు. అరవై నాలుగేళ్ళు. మూడు నెలల తర్వాత, అక్టోబరులో, అమర్త్య సేన్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు.