గురువాణిని లిపిలో నిలిపిన గుడ్విన్

శ్రీరంగమున నంపిళ్ళై తిరువాయ్‌మొళికి పగటివేళ చెప్పిన వ్యాఖ్యానమును, వడక్కు తిరువీధిపిళ్ళై రాత్రివేళ తాళపత్రములపై వ్రాసి ఉంచుటచేతనే 'ఈడు' మనకు దక్కినదని పెద్దలు చెప్పుదురు. శ్రీభాష్య రచనలో భగవద్రామానుజులకు కూరత్తాళ్వాన్ లేఖకుడై నిలిచిన కథ వైష్ణవ గృహములలో విననివారుండరు. గురువు పలుకుట ఒక ఎత్తు. ఆ పలుకు గాలిలో కలిసిపోకుండ నిలుపుట మరియొక ఎత్తు. గడచిన 19వ శతాబ్దపు చివరి రోజులలో ఆ రెండవ పనికి తన్ను తాను అర్పించుకొన్నవాడు జోసయా జాన్ గుడ్విన్ అను ఆంగ్ల యువకుడు.

ఆతడు 1870 సెప్టెంబరు 20వ తేదీన ఇంగ్లండులో బాత్ నగరమునకు చేరువనున్న బాతీస్టన్ అను ఊర జన్మించెను. తండ్రి శీఘ్రలిపి ఎరిగిన పత్రికా సంపాదకుడు. షార్ట్‌హాండ్ అని మనమందరము వ్యవహరించు ఈ విద్యకు 1837లో ఒక కొత్త పద్ధతిని ప్రకటించిన ఐజాక్ పిట్మన్ తన పనికి కేంద్రముగా చేసికొన్నది ఈ బాత్ నగరమునే.

ఈ విద్య పైకి కనిపించునంత సులభమైనది కాదు. పిట్మన్ పద్ధతిలో అక్షరక్రమమును విడిచి, చెవికి వినిపించు ధ్వనిని మాత్రమే వ్రాయుదురు. పకారమునకు సన్నని వాలుగీత. బకారమునకు అదే వాలున దట్టపు గీత. అచ్చులకు చుక్కలు, చిన్న అడ్డగీతలు. వేగము పెరిగినకొలది అచ్చులు జారిపోవును. హల్లుల ఎముకలగూడు మాత్రమే కాగితముపై మిగులును. తరువాత దానికి ప్రాణము పోయవలసినది చదువువాని జ్ఞాపకమును, విషయజ్ఞానమును. కనుకనే నేర్చువారు ఒకరు చదువుచుండ మరియొకరు వ్రాయుచు, చేయి మనస్సును అడుగకయే కదలునంతవరకు నిత్యము అభ్యసింపవలెను. అభ్యాసము ఒక్కనాడు తప్పిన వ్రేళ్ళు మొద్దుబారునని అనుభవజ్ఞులు చెప్పుదురు. సంధ్యావందనము వంటిదే అనవచ్చును.

1893లో చికాగో సర్వమత మహాసభ ముగిసిన పిమ్మట వివేకానందస్వామి అమెరికాలో ఊరూర ఉపన్యసించిరి. వ్రాసిపెట్టుకొని చదువు అలవాటు స్వామికి లేదు. కావున ఆ తొలి సంవత్సరముల వాక్కులో అధికభాగము పత్రికల క్లుప్త వార్తలుగా మిగిలెను. తక్కినది విన్నవారితోనే పోయెను. ఇది చూచి నొచ్చుకొనిన న్యూయార్కు శిష్యులు కూలికి లేఖకులను కుదిర్చిరి. మొదట వచ్చినవారు స్వామి వేగమునకు, విషయమునకు తాళలేకపోయిరి. 1895 డిసెంబరులో, పత్రికా ప్రకటన చూచి గుడ్విన్ వచ్చెను. ఆతడు నిలిచెను.

ఎట్లు నిలిచెనో ఆలోచింపదగినది. బ్రహ్మము, ఆత్మ, మాయ, ఈశ్వరుడు మున్నగు పదములు ఆతడెన్నడును విననివి. తెలియని పదము గీతలలో తప్పుగా పడినచో మరునాడు దానిని విప్పుట దుస్సాధ్యము. అందుచేత ఆతడు ఉపన్యాసము ముగిసిన వెంటనే, వేడి చల్లారకముందే, నిద్ర మాని పూర్తి ప్రతిని సిద్ధపరచి ముద్రణకు అందించెడివాడు. కొలది దినములకే జీతము తీసికొనుట మానివేసెను. వ్రాయుటతోనే ఆగక స్వామికి పరిచర్యలు సైతము చేయసాగెను. డబ్బు కొరకు వచ్చినవాడు దాసుడగుట మన ఆచార్యుల చరిత్రలలో అరుదు కాదు. కాని సముద్రమునకు ఆవల, వేరొక మతమున పెరిగినవానియందు అట్లు జరుగుట విశేషమే. నేడు మనము చదువు కర్మయోగము ఆ చలికాలపు ఉపన్యాసములకు ఆతడు వ్రాసిన ప్రతి. 1896లో లండనులో చెప్పిన జ్ఞానయోగోపన్యాసములును ఆతని చేతిమీదుగా వచ్చినవే.

1897 జనవరి 15వ తేదీన స్వామితో కొలంబోలో దిగెను. అచ్చటినుండి రామనాథపురము, మధుర, కుంభకోణముల మీదుగా మద్రాసు వరకు సాగిన ప్రయాణములో విశ్రాంతి ఎక్కడిది? పందిళ్ళలో, రైలు స్టేషనులలో క్రిక్కిరిసిన జనసందోహము నడుమ ఆతని పెన్సిలు ఆగలేదు. ఫిబ్రవరిలో మద్రాసున స్వామి భారతదేశపు మహర్షులను గూర్చి ప్రసంగించుచు శ్రీకృష్ణుని, గోపికల ప్రేమను, రామానుజులను, చైతన్యుని కొనియాడిరి. తిరువల్లిక్కేణికి చెందిన శ్రీవైష్ణవుడు అళసింగ పెరుమాళ్ వంటి శిష్యులు ఆ ఏర్పాట్లు నడుపుచుండ, ఆంగ్లేయుడు గోపికాప్రేమను గీతలలోనికి దింపుచుండెను. 'కొలంబో నుండి ఆల్మోరా వరకు' అను పేర ప్రసిద్ధమైన ఉపన్యాసములు ఈ శ్రమఫలమే.

పిదప గుడ్విన్ మద్రాసు చేరి, ఒక ఆంగ్ల దినపత్రికలో పని చేయుచు కాలము గడిపెను. మన దేశపు ఎండ, ఎడతెగని శ్రమ ఆతని దేహమునకు సరిపడలేదు. 1898 జూన్ 2వ తేదీన ఉదకమండలమున సన్నిపాతజ్వరముచే మరణించెను. అప్పటికి వయస్సు 27 సంవత్సరములు. గురుసేవలో గడిపినది రెండున్నర సంవత్సరములు మాత్రమే.

వార్త ఆల్మోరాలోనున్న స్వామికి ఆలస్యముగా చేరెను. తన కుడిచేయి పోయినట్లు స్వామి దుఃఖించిరి. గుడ్విన్ ఆత్మశాంతికై ఆంగ్లమున ఒక చిన్న గీతము రచించి, ఇంగ్లండులోనున్న అతని తల్లికి పంపిరి. ఆతని దేహము ఉదకమండలములోనే, సెయింట్ థామస్ చర్చి శ్మశానవాటికలో ఉన్నది.